చిరగని తెర కోసం నలభై ఏళ్లు

లినక్స్ మీద తెలుగులో వచ్చిన రాతల్లో సింహభాగం అక్షరాల చుట్టూనే తిరిగింది. పోతన, వేమన ఫాంట్లు ఎలా పుట్టాయి, ఒత్తులు అక్షరం కింద కుదురుకోకుండా పక్కకు ఎందుకు జారిపోయేవి, హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు మెనూలను తెలుగులోకి ఎలా తెచ్చారు... ఇవన్నీ ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసే ఉన్నారు. మంచిదే. కానీ అక్షరమైనా బొమ్మైనా తెర మీద ఎక్కడ పడాలన్నది ఒక లెక్క, ఏ క్షణంలో పడాలన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క తేల్చడానికి ఓపెన్ సోర్స్ లోకానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. పూర్తిగా తేలిందని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేం.

లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే రైలు వీడియోను మించింది లేదు. రైలు అడ్డంగా పోతుంది, వ్యాగన్ల అంచులు నిలువుగా ఉంటాయి. చిరుగు పడితే దాక్కోవడానికి చోటే ఉండదు. బిలాస్‌పూర్‌లో అలాంటి వీడియోలకు కొదవ లేదు. కోర్బా గనుల నుంచి బొగ్గు రేక్‌లు పగలూ రాత్రీ వస్తూనే ఉంటాయి. 2022 ఆగస్టు 15న ఇక్కడి ఆగ్నేయ మధ్య రైల్వే సూపర్ వాసుకి అనే గూడ్సు నడిపింది: ఆరు ఇంజన్లు, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, నిండా బొగ్గు. ఆ వీడియోను పాత లినక్స్ కంప్యూటర్‌లో, ఏ ఏర్పాటూ చేయకుండా ఆడించండి. తెర మధ్యలో ఎక్కడో ఒక అడ్డగీత దగ్గర వ్యాగన్ తెగిపోతుంది. పై సగం కొంచెం వెనక, కింది సగం కొంచెం ముందు. ఆ గీత ఒకచోట నిలవదు, పైకీ కిందికీ పాకుతుంది. బిలాస్‌పూర్‌లోని మోప్కాలో మా వీధి చివర ఉండే మావయ్య ఒకాయన గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. ఆయన దాన్ని చూసి అన్నమాట: "పెట్టొకకాడ, చక్రాలొకకాడ పోతన్నాయేట్రా?" ఇంతకన్నా సూటిగా ఏ ఇంజనీరూ చెప్పలేదు.

కారణం చిన్నదే. మానిటర్‌కు వెళ్లే బొమ్మ మెమరీలో ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు దాన్ని పై గీత నుంచి కింది గీత దాకా వరసగా చదివి పంపుతుంది, సెకనుకు 60 సార్లు. చదువుతున్నప్పుడే ప్రోగ్రామ్ వచ్చి మెమరీలో కొత్త బొమ్మ పెట్టేస్తే, అప్పటికే పోయిన పైభాగం పాతది, ఇంకా పోవాల్సిన కిందిభాగం కొత్తది. అయితే అడుగు గీత ముగిసి మళ్లీ పై గీత మొదలయ్యే లోపల చిన్న ఖాళీ ఉంటుంది. 1987లో ఐబీఎమ్ తెచ్చిన వీజీఏలో మొత్తం 525 గీతలు, కంటికి కనిపించేవి 480. మిగిలిన 45 గీతల కాలం, అంటే సుమారు 1.4 మిల్లీసెకన్లు, పాత పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం కింది మూల నుంచి పై మూలకు తిరిగి రావడానికి వదిలిన వ్యవధి. పుంజం పోయింది, ట్యూబు పోయింది, ఖాళీ మాత్రం మిగిలింది. నేటి 1080 గీతల పలక తెరకు వెళ్లే సిగ్నల్లో 1125 గీతలు ఉంటాయి. ఖాళీ మళ్లీ 45 గీతలే, కాకపోతే కాలం అందులో సగానికి తక్కువ. బొమ్మ మార్చదలిస్తే ఆ ఖాళీలో మార్చాలి. కథంతా ఆ సందు కోసమే.

ఆ 60 అనే అంకె కూడా మనది కాదు. మోప్కాలో 220 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. అక్కడి తీగల్లో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, బిలాస్‌పూర్ యార్డు మీద వేలాడే 25 కేవీ తీగలోనూ అంతే. టీవీ కొత్తలో కరెంటు ఊపుతో తెర ఊపు కలవకపోతే బొమ్మ మీద నల్లటి పట్టీలు పాకేవి. అందుకే 50 సైకిళ్ల దేశాలు టీవీని 50 దగ్గర, 60 సైకిళ్ల అమెరికా 60 దగ్గర కట్టేశాయి. మన దూరదర్శన్ 625 గీతలు, సెకనుకు 50 అరబొమ్మలు. పర్సనల్ కంప్యూటర్ అమెరికాలో పుట్టింది కాబట్టి మానిటర్ 60తో వచ్చింది, కచ్చితంగా అంటే వీజీఏలో 59.94. వీధిలో కరెంటు 50, బల్ల మీద తెర 60. తెలుగు సినిమా వీసీడీలు కంప్యూటర్‌లో చూసిన రోజుల్లో ఇందువల్ల ఎన్ని ముడులు పడ్డాయో! సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. వీసీడీ కోసం దాన్ని 25గా పరిగెత్తిస్తే రెండున్నర గంటల బొమ్మ ఆరు నిమిషాలు ముందే అయిపోయేది. ఆ 25ను 60లో ఇరికించాలంటే కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపాలి. నెమ్మదిగా పక్కకు జరిగే షాట్‌లో ఆ కుదుపు కంటికి తగిలేది.

సందు చూసి బొమ్మ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ డబ్బాలో స్టార్ ఎఫ్ఎక్స్ 19 అని కొడితే చాలు, తెర అడుగుకు చేరేదాకా యంత్రం ఆగేది. ఆ తర్వాత గీస్తే బొమ్మ చిరిగేది కాదు. స్కూలు పిల్లలకు ఒక్క లైనులో దొరికిన సుఖం అది. డాస్ మీద ఆటలు రాసినవాళ్లు వీజీఏ కార్డులోని 3డీఏ అనే పోర్టును మళ్లీ మళ్లీ చదువుతూ, ఒక బిట్ ఎప్పుడు లేస్తుందా అని కాచుకునేవారు. మొరటు పద్ధతే, పని మాత్రం జరిగేది. అప్పట్లో యంత్రం మొత్తం ఒకే ప్రోగ్రామ్ చేతిలో ఉండేది మరి.

సరిగ్గా అదే 1984లో, ఎమ్ఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్ మొదలుపెట్టారు. 1987 సెప్టెంబరులో వచ్చిన పదకొండో వెర్షనే ఎక్స్11. యూనిక్స్ లోకాన్నీ ఆ తర్వాత లినక్స్ లోకాన్నీ మూడు దశాబ్దాలు ఏలింది ఇదే. దాని గొప్పంతా నెట్‌వర్క్‌లో ఉంది. ప్రోగ్రామ్ ఒక ఊళ్లో నడుస్తుంది, బొమ్మ ఇంకో ఊళ్లో కనిపిస్తుంది. ఇక్కడ గీత గియ్యి, అక్కడి ముక్క ఇక్కడికి తెచ్చి అతికించు అని ప్రోగ్రామ్ ఆజ్ఞలు పంపుతుంది, తెర దగ్గరుండే సర్వర్ వాటిని వచ్చిన వరసలో చేసుకుపోతుంది. ఆజ్ఞలో ఎక్కడ అన్నది ఉంటుంది, ఏమిటి అన్నది ఉంటుంది. ఎప్పుడు అన్నది లేదు. దీన్ని ఇప్పటి కుర్రాళ్లు తెలివితక్కువతనంగా కొట్టిపారేస్తుంటారు, నేను ఒప్పుకోను. ఆనాటి కిటికీల్లో ఉండేది కదలని అక్షరాలు, నాలుగు గీతలు. వీడియో ఆడించే ఆలోచనే లేని చోట ఫ్రేము లెక్క ఎవరు పెడతారు? సిలికాన్ గ్రాఫిక్స్ తన ఖరీదైన వర్క్‌స్టేషన్లలో ఓపెన్‌జీఎల్‌కు పొడిగింపులు తగిలించి ఈ లోటు తీర్చుకుంది. ఆ డబ్బాలు కొనగలిగినవాళ్లు వేరు.

1991లో లినక్స్, దాని వెన్నంటే ఎక్స్‌ఫ్రీ86 వచ్చాక ఈ లోటు ఇళ్లలోకి దిగింది. అప్పట్లో ఒక వింత ఉండేది. ఎస్‌వీజీఏలిబ్ అనే లైబ్రరీతో కన్సోల్ మీద నేరుగా బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌కు ఖాళీ కోసం ఆగే పిలుపు ఉండేది. ఎక్స్ లోపల కిటికీలో గీసే ప్రోగ్రామ్‌కు ఉండేది కాదు. అంటే నల్ల తెర మీద ఆట నునుపుగా నడిచేది, అందమైన డెస్క్‌టాప్‌లో అదే ఆట చిరిగేది. వీడియోకు ఎక్స్‌వీ అనే దొడ్డిదారి దొరికింది. కిటికీలో ఒక రంగు, సాధారణంగా ముదురు నీలమో అలాంటిదో, పరిచేసి, ఆ రంగు కనిపించిన చోటల్లా కార్డు వీడియోను తానే కలిపేది. 2000 ప్రాంతంలో ఎమ్‌ప్లేయర్ ఈ దారిలోనే జనానికి సినిమాలు చూపించింది. కిటికీని పట్టుకుని గబగబా లాగితే వీడియో ఒక అడుగు వెనకబడి, ఆ నీలం పట్టీ బయటపడేది. చూసినవాళ్లు మర్చిపోరు.

2000 మార్చిలో ఎక్స్‌ఫ్రీ86 4.0తో డీఆర్ఐ వచ్చింది. త్రీడీ ప్రోగ్రాములు సర్వర్‌ను అడ్డం పెట్టుకోకుండా కార్డును నేరుగా వాడుకునే వీలు. ఖాళీ ఎప్పుడొస్తుందో చెప్పమని కెర్నెల్‌ను అడిగే పిలుపు కూడా ఆ తర్వాత కొద్దికాలానికే చేరింది. వాడుకరి చేతికి మాత్రం అందింది వీబ్లాంక్-మోడ్ లాంటి మీటలే. ఒకరు సున్నా పెట్టమంటారు, ఒకరు మూడు పెట్టమంటారు. ఎన్విడియా వాళ్ల డ్రైవర్‌కు దాని మీటలు వేరే. ఎవరి చిట్కా వారిది, అమ్మమ్మల కాలం కషాయాల్లాగా.

అసలు రచ్చ 2004లో మొదలైంది. లైసెన్సు గొడవతో ఎక్స్‌ఫ్రీ86 చీలి, ఎక్స్.ఆర్గ్ ముందుకొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు విడుదలలో కీత్ ప్యాకర్డ్ పనితో కాంపోజిట్, డ్యామేజ్ పొడిగింపులు చేరాయి. ఇక కిటికీలు నేరుగా తెర మీద గీయవు. ఎవరి కాగితం మీద వాళ్లు గీసుకుంటారు, కాంపోజిటర్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఆ కాగితాలన్నీ ఏరి ఒక్క బొమ్మగా కూర్చుతుంది. 2006లో నోవెల్ తరఫున డేవిడ్ రెవ్‌మన్ చేసిన కాంపిజ్ బయటికి రాగానే జనం వెర్రెత్తిపోయారు. డెస్క్‌టాప్ ఘనంలా తిరుగుతుంది, కిటికీ జెల్లీలా ఊగుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో లినక్స్ ఎక్కించుకున్న కుర్రాళ్లలో ఎందరో దీని కోసమే ఎక్కించుకున్నారంటే అబద్ధం కాదు. ఆ ఘనం తిప్పేటప్పుడు జీఎల్ఎక్స్‌గేర్స్ అనే పళ్లచక్రాల డెమో నడుపుతూ చూడాల్సింది. డెస్క్‌టాప్ అంతా పక్కకు తిరుగుతుంటే, మూడు పళ్లచక్రాలు మాత్రం ఎక్కడివక్కడే చదునుగా, తెరకు అంటుకుపోయినట్టు తిరుగుతుండేవి! కారణం, నేరుగా గీసే త్రీడీ ప్రోగ్రామ్ ఇంకా పాత దారిలోనే తెర మీదికి పోతోంది. కాంపోజిటర్ ఉన్నట్టే దానికి తెలియదు. కూర్చే ప్రోగ్రామ్ ఒక తాళంలో, గీసే ప్రోగ్రామ్ ఇంకో తాళంలో, సర్వర్ మూడో తాళంలో. ఎవరికి వారు కచ్చితంగానే ఉన్నారు, తెర మాత్రం చిరుగుతూనే ఉంది.

నా మటుకు నాకు ఈ చరిత్రంతటికీ కీలకం ఇక్కడే కనిపిస్తుంది. చిరుగు హార్డ్‌వేర్ లోపం కాదు. సమయం ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకోకపోవడం. రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకు దీన్ని విడమరచనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ, ముఖ్యంగా 1931లో విజయనగరం–రాయపూర్ లైను పడ్డాక, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో పిల్లలకు కూడా లైన్ క్లియర్ అంటే తెలుసు. ముందు స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వందే వెనక స్టేషన్ నుంచి బండి కదలదు. డ్రైవరు ఎంత నిపుణుడైనా, గార్డు దగ్గర ఎంత మంచి గడియారమున్నా సరే. లినక్స్ తెరకు అలాంటి స్టేషన్ మాస్టరు 2009 దాకా లేడు.

అప్పటిదాకా గ్రాఫిక్స్ కార్డును ఏ రిజల్యూషన్‌లో, ఏ వేగంతో నడపాలో నిర్ణయించేది ఎక్స్ సర్వరే. అది రూట్ అధికారంతో నడుస్తూ హార్డ్‌వేర్‌లో చేయి పెట్టేది. కెర్నెల్ ఒక చేయి, సర్వర్ ఒక చేయి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు రెండు మూడుసార్లు తెర నల్లబడి మినుకుమనడం ఆ పెనుగులాటే. జెస్సీ బార్న్స్ తదితరుల కృషితో 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నెల్‌లో, ముందుగా ఇంటెల్ కార్డులకు, ఆ అధికారం కెర్నెల్‌కు దఖలు పడింది. ఏడాది తిరక్కముందే, 2010 ఫిబ్రవరిలో 2.6.33తో, పేజ్ ఫ్లిప్ అనే పిలుపు చేరింది. ప్రోగ్రామ్ కొత్త బొమ్మను మెమరీలో వేరే చోట, అంటే ఇంకో బఫర్‌లో, తయారుగా ఉంచి, దీనికి మార్చు అని చెప్పి తన పని తాను చూసుకుంటుంది. ఖాళీ వచ్చినప్పుడు కెర్నెల్ మారుస్తుంది, మార్చాక ఫలానా క్షణంలో మారింది అని కబురు పంపుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఆ కబురు మీదే ఆ తర్వాతి భవనమంతా లేచింది.

ఆ కబురులోని సమయం నిజమేనా అని నిలదీసింది గ్రాఫిక్స్ మనిషి కాదు, చూపు మీద పరిశోధన చేసేవాడు. జర్మనీలో ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేసిన మారియో క్లైనర్, సైక్‌టూల్‌బాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేవాడు. మనిషికి తెర మీద ఒక బొమ్మ చూపి, ఎంతసేపటికి మీట నొక్కాడో కొలుస్తారు. బొమ్మ తెర మీదికి ఎప్పుడొచ్చిందో సరిగ్గా తెలియకపోతే ప్రయోగమే దండగ. ఖాళీ మొదలైనప్పుడు హార్డ్‌వేర్ ఇచ్చే ఇంటరప్ట్‌ను కెర్నెల్ పనుల ఒత్తిడిలో ఆలస్యంగా అందుకోవచ్చు. అందుకున్న వేళనే రాసుకుంటే లెక్క తప్పు. క్లైనర్ పద్ధతి చూడండి: అందుకున్న క్షణంలో కార్డు ఎన్నో గీత మీద ఉందో అడగాలి, ఒక్కో గీతకు ఎంత కాలమో తెలుసు కాబట్టి వెనక్కి లెక్కగట్టి ఖాళీ నిజంగా ఎప్పుడు మొదలైందో పట్టుకోవాలి. 2011 మార్చిలో వచ్చిన 2.6.38లో ఇది చేరింది. సినిమా చూసేవాళ్లు, ఆటలాడేవాళ్లు కోట్లమంది ఉండగా, గడియారం సరిచేసింది మెదడు శాస్త్రం మనిషి కావడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

ఈలోగా క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008 నుంచే వేరే దారి వెతుకుతున్నాడు. డీఆర్ఐ2 రాసి ఆ పళ్లచక్రాల వింతకు ముగింపు పలికిందీ ఆయనే. ఎక్స్‌ను ఎంత అతికినా ఈ చీర నిలవదనుకుని వేలాండ్ మొదలుపెట్టాడు. మసాచుసెట్స్‌లో ఆ పేరున్న ఊరి గుండా కారులో వెళ్తుండగా ఈ ఊహ తట్టిందట. కూర్చే ప్రోగ్రామే ఇందులో సర్వర్. మధ్యవర్తి లేడు. కిటికీలోని ప్రోగ్రామ్ తన ఫ్రేము పూర్తిగా తయారయ్యాకే అప్పగిస్తుంది, తర్వాతి ఫ్రేము ఎప్పుడు మొదలుపెట్టాలో కాంపోజిటర్ కబురు చేస్తుంది. సగం గీసిన బొమ్మ తెరకెక్కే దారే ఉండదు. 2012 అక్టోబరులో 1.0 వచ్చింది. చేతికి అందుబాటైన డెస్క్‌టాప్‌గా మారడానికి ఇంకో అయిదారేళ్లు తిన్నది, అది వేరే పురాణం.

అదే 2012లో జనసామాన్యానికి అసలు మార్పు ఫోన్‌లో వచ్చింది. ఆండ్రాయిడ్ 4.1 జెల్లీబీన్‌లో గూగుల్ చేపట్టిన ప్రాజెక్ట్ బటర్, స్పర్శనూ, కదలికనూ, గీతనూ అన్నింటినీ తెర ఖాళీ తాళానికే కట్టేసింది. మూడో బఫర్‌ను కూడా చేర్చింది. ఒక ఫ్రేము ఆలస్యమైతే మిగిలిన పని ఆగిపోకుండా ఉండటానికి. మన ఇళ్లలో లినక్స్ కెర్నెల్‌ను ముట్టుకున్నవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది ఈ రూపంలోనే ముట్టుకున్నారు, ఆ మాట వాళ్లకు తెలియకపోయినా.

2013 చివర్లో ఒక కాకతాళీయం. డిసెంబర్ 27న ఎక్స్ సర్వర్ 1.15 విడుదలైంది. అందులో కీత్ ప్యాకర్డ్ రాసిన ప్రెజెంట్ పొడిగింపు ఉంది. ఫలానా బొమ్మను ఫలానా ఫ్రేముకు చూపు అని ఎక్స్‌కు సూటిగా చెప్పగల ఆజ్ఞ. ఎక్స్11 పుట్టిన ఇరవై ఆరేళ్లకు దానికి "ఎప్పుడు" వచ్చింది. నాలుగు రోజుల తర్వాత, డిసెంబర్ 31న, రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను మీదుగా దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో తాళం కలిపింది. అప్పటిదాకా విజయనగరం కరెంటూ బిలాస్‌పూర్ కరెంటూ రెండూ 50 దగ్గరే ఊగినా, ఒకదానితో ఒకటి కలిసి ఊగేవి కావు. ఇటు నుంచి అటు పంపాలంటే గాజువాక లాంటి చోట డీసీగా మార్చి మళ్లీ ఏసీ చేయాల్సి వచ్చేది. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లలో కూడా ఇదే తంటా. ఒక చిప్పు గీస్తుంది, ఇంకో చిప్పు చూపిస్తుంది, రెండింటి తాళాలు వేరు. దానికి ఎక్స్‌లో మందు 2016లో గానీ రాలేదు.

తర్వాతి పదేళ్లను గబగబా దాటేయొచ్చు. 2015లో అటామిక్ పద్ధతి వచ్చి తెర మీది పొరలన్నీ ఒకే ఖాళీలో కలిసి మారేలా చేసింది. 2019 మార్చిలో 5.0 కెర్నెల్ ఏఎమ్‌డీ కార్డులకు మారే రిఫ్రెష్ వేగాన్ని ఇచ్చింది. ఇక్కడ లెక్క తలకిందులైంది: ప్రోగ్రామ్ తెర కోసం ఆగడం కాదు, తెరే ప్రోగ్రామ్ కోసం కొంచెం ఆగుతుంది. 24 ఫ్రేముల సినిమా 24 దగ్గరే, లేదా దాని గుణిజం దగ్గరే ఆడొచ్చు. 2024లో గీత పూర్తయిందన్న సంగతిని కచ్చితంగా తెలియజేసే ఏర్పాటు వేలాండ్‌లో చేరి, ఎన్విడియా కార్డులున్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. హైదరాబాద్‌లో ఏఎమ్‌డీ, ఎన్విడియా, క్వాల్‌కామ్ మూడింటికీ కార్యాలయాలున్నాయి. కెర్నెల్‌లో డిస్‌ప్లే విభాగం మార్పుల చిట్టా తిరగేస్తే తెలుగు ఇంటిపేర్లు తగులుతూనే ఉంటాయి. ఒకప్పుడు మెనూలు అనువదించిన ఊరే ఇప్పుడు తెర తాళం సరిచేస్తోంది.

మధ్యలో ఒక తమాషా. 2022 నవంబరులో వేలాండ్ ప్రోటోకాల్స్‌లో టేరింగ్ కంట్రోల్ అని ఒకటి చేరింది. దయచేసి నా బొమ్మ చిరిగినా పర్వాలేదు, ఆగకుండా చూపించు అని ప్రోగ్రామ్ అడుక్కునే వీలు! పోటీ ఆటలాడేవాళ్లకు ఖాళీ కోసం ఆగే ఆ కొన్ని మిల్లీసెకన్లు కూడా బరువే. శత్రువు సగం చిరిగి కనిపించినా ముందు కనిపించాలి. ముప్పై ఏళ్లు చిరుగు కుట్టుకుంటూ వచ్చినవాళ్ల ముఖాలు ఆ రోజు ఎలా ఉన్నాయో ఊహించుకోవచ్చు. వాళ్లు ఒప్పుకున్నారు, అది మెచ్చుకోవాలి. 2025 మార్చిలో గ్నోమ్ డెస్క్‌టాప్ 48వ వెర్షన్‌లో మూడో బఫర్ చేరింది. ఆండ్రాయిడ్ 2012లోనే చేసిన ఆ పని, గ్నోమ్‌లో ప్రతిపాదన పెట్టాక దాదాపు అయిదేళ్లు చర్చల్లో నానింది.

పాత డబ్బాల సంగతి వేరు. బిలాస్‌పూర్ లాంటి ఊళ్లలో దుకాణాల వెనకా, ట్యూషన్ గదుల్లోనూ రెండు జీబీ మెమరీతో నడిచే యంత్రాలు ఇంకా ఉన్నాయి. వాటికి ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాపే గతి, అది ఇప్పటికీ ఎక్కువగా ఎక్స్ మీదే నడుస్తుంది. 2019 ఆగస్టులో వచ్చిన దాని 4.14 వెర్షన్‌లో కాంపోజిటర్‌కు ఖాళీ కోసం ఆగడం నేర్పారు. సెట్టింగ్స్ ఎడిటర్‌లో వీబ్లాంక్-మోడ్ అనే చోట ఎక్స్‌ప్రెజెంట్ అనో జీఎల్ఎక్స్ అనో పెట్టాలి. ఇంటెల్ చిప్పున్న పాత యంత్రాల మీద నేను ముందు జీఎల్ఎక్స్ పెట్టి చూస్తాను. రెండు మానిటర్లు, రెండు వేర్వేరు వేగాలు ఉంటే మాత్రం ఎక్స్ మీద ఏదో ఒక తెరకే న్యాయం జరుగుతుంది, రెండో దాని మీద గూడ్సు ఆడించకపోవడమే మంచిది.